పశువులకు రక్ష కట్టవచ్చునా?

మన కోవెలలలో పూజ ముగిసిన తరువాత తీర్థం, కుంకుమ, ప్రసాదం పంచిపెట్టటం ఆచారం. జబ్బు పడిన బిడ్డను ఎత్తుకొని వస్తే పూజారిగారు తలమీద చేయి ఉంచి మంత్రం చదివి, విభూతి పెట్టి, చేతికి పసుపుతాడుతో రక్ష కడతారు. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కాని అదే గుమ్మం ముందుకు ఎవరైనా మేత ముట్టని ఆవును గాని, కాలు విరిగిన కుక్కపిల్లను గాని తీసుకొని వచ్చి, "అయ్యగారూ, దీనికి కూడ ఒక రక్ష కట్టండి" అంటే అక్కడున్నవారిలో తప్పక వాదం పుడుతుంది.

"పశువుకు మంత్రమేమిటి? అది అపచారం" అని ఒకరంటారు. "ఈ రోజుల్లో పశువైద్యుడుండగా రక్షలెందుకు? ఇది మూఢనమ్మకం" అని చదువుకొన్న యువకుడంటాడు. "మా అవ్వ కాలంలో ఆవు ఈనితే ముందు అమ్మోరికి చెప్పి, ఆ పైననే జున్ను వండేవారు" అని ఒక పెద్దమ్మ గుర్తు చేస్తుంది. ముగ్గురి మాటలోను కొంత సత్యమున్నది. కాబట్టి ఈ విషయాన్ని మన గ్రంథాలు, మన పల్లె ఆచారాలు, మన పూర్వుల అనుభవం దగ్గర పెట్టుకొని నిదానంగా ఆలోచించటం మంచిది.

గ్రంథాలు ఏమంటున్నవి?

శివాలయాలలో అభిషేకమప్పుడు చదివే నమకంలో పదవ అనువాకమున్నది. అందులో భక్తుడు రుద్రుని కోరేది తనకొక్కనికే కాదు. రెండు కాళ్ళవాటికీ నాలుగు కాళ్ళవాటికీ క్షేమం కలగాలని, ఈ గ్రామంలో ఉన్నదంతా పుష్టిగా, రోగం లేకుండా ఉండాలని అడుగుతాడు. పురుషసూక్తంతో కలిపి చదివే శాంతి మంత్రంలో కూడ ద్విపాదులతో పాటు చతుష్పాదులకు శుభం కోరటం కనబడుతుంది. మనం అర్థం తెలియక తల వంచి వింటున్నాము గాని, పూజారిగారు అభిషేకం చేసిన ప్రతిసారీ కొట్టంలోని ఆవుకు కూడ ఆశీర్వచనం జరుగుతూనే ఉన్నది. కాబట్టి "పశువుకు మంత్రమేమిటి" అనే ప్రశ్నకు జవాబు ఆ మంత్రంలోనే ఉన్నది.

శ్రీకాళహస్తి పేరే చూడండి. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు జంతువులు శివుని కొలిచి ముక్తి పొందిన చోటు అది. ధూర్జటి మహాకవి ఆ కథను కావ్యంగా వ్రాశాడు. పోతనగారి భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుని మొర వినని తెలుగువాడు లేడు. ఏనుగు పిలిస్తే విష్ణుమూర్తి పరుగెత్తి వచ్చాడని నమ్మే మనం, ఒక ఆవు నుదుట కుంకుమ పెట్టటానికి సందేహించటం వింతగా లేదా?

ఇక రెండవవైపు చూద్దాం. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గరగా, ఎర్రగుడి అనే గ్రామమున్నది. అక్కడి కొండరాళ్ళమీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలున్నవి. వాటిలో రెండవ శాసనం చెప్పేదేమంటే, మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స అని రెండు విధాల వైద్యం ఏర్పాటు చేయించాడని, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడని. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని పేర, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని పేర మనకు ప్రత్యేక గ్రంథాలే ఉన్నవి. అంటే పశువుకోసం ప్రార్థించటం ఎంత పాతదో, పశువుకు మందు ఇవ్వటమూ మన దేశంలో అంత పాతదే. ప్రార్థన ఉన్నదిగదా అని పెద్దలు మందు మానలేదు, మందు దొరికిందిగదా అని ప్రార్థననూ వదలలేదు.

పల్లెలో ఏమి చేసేవారు?

సంక్రాంతి మూడవ రోజు కనుమ. అది పశువుల పండుగ. ఆ రోజు ఆవులను, ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమలు పెట్టి, మెడలో గంటలు కడతారు. ఇంతవరకు మనవారందరికీ తెలిసిందే. చిత్తూరు ప్రాంతంలో ఇంకొక ముచ్చట ఉన్నది. ఆ రోజు తెల్లవారకముందే అడవికి పోయి మద్ది, నేరేడు, మోదుగ మొదలైన చెట్ల చెక్కలను, ఆకులను తెచ్చి, ఉప్పు కలిపి దంచుతారు. దీనికి ఉప్పు చెక్క అని పేరు. పశువు మారాం చేసినా నోరు తెరిచి మింగిస్తారు. ఏడాదికొకసారి కడుపులోని పురుగులు పోవటానికి ఇది మందని వారి నమ్మకం. సాయంత్రం ఊరి ముందు కాటమరాజు రాయివద్ద పొంగలి పెట్టి, చిట్లాకుప్ప అంటించి, మందను ఆ మంటవద్దనుండి తోలుకొని వస్తారు. ఆ పొంగలిని పొలి, పొలి అని కేకవేస్తూ పొలాలలో చల్లుతారు. కాటమరాజు ఆవుల మేతకోసం యుద్ధం చేసిన యాదవ వీరుడు. ఈ ఒక్క పండుగలో స్నానమున్నది, మందున్నది, దేవుడున్నాడు. ఎక్కడ వైద్యం ముగిసిందో ఎక్కడ భక్తి మొదలయిందో విడదీయటం కష్టం.

ముసర రోగం వచ్చినప్పటి సంగతి వేరు. ముసర అంటే పశువుల మహామారి. నోటినిండా పుండ్లు, కంటివెంట నీరు, ఆగని విరేచనాలు, వారం పది రోజులలో చావు. ఒక కొట్టంలో మొదలైతే ఊరంతా ఖాళీ అయ్యేది. అప్పుడు పోలేరమ్మకో గంగమ్మకో మొక్కి, పొలిమేరకు కట్టు కట్టేవారు. కట్టు ఉన్నన్ని రోజులు బయటి పశువు ఊరిలోకి రాకూడదు, ఊరి పశువు బయటికి పోకూడదు. వేపమండల తోరణం కింద మందను నడిపించి పసుపునీళ్ళు చల్లేవారు. పసుపునీళ్ళు ముసరను ఆపలేవు. కాని కట్టు మాత్రం పనికివచ్చే నియమమే. రోగం పశువునుండి పశువుకు అంటుకొంటుంది గనుక రాకపోకలు ఆపటమే ఈనాటి పశువైద్యుడు కూడ మొదట చెప్పే మాట.

అదే ఆచారంలో మనం దాచకూడని భాగం కూడ ఒకటున్నది. మద్రాసు బిషప్పుగా ఉండిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణాది గ్రామదేవతల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. తెలుగు గ్రామాలలో దున్నపోతును బలి ఇచ్చి, రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లటం అందులో వివరంగా ఉన్నది. వంద పశువుల ప్రాణం నిలవటానికి ఒక పశువు ప్రాణం తీయటమన్నమాట. మద్రాసు రాష్ట్రంలో 1950లో జంతు, పక్షి బలుల నిషేధ చట్టం వచ్చింది. చట్టం సంగతి అట్లా ఉంచి మన మనసునే అడుగుదాం. ఒక మేకకు దీవెన, మరొక మేకకు కత్తి ఒకే తల్లి పేర జరిగితే ఆ దీవెనకు అర్థమేమున్నది?

సముద్రం దాటిన తరువాత

మన ముత్తాతలు కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవులనుండి ఒప్పంద కూలీలుగా బయలుదేరారు. 1843లో కోరంగి పేరుతోనే ఉన్న కొరింగా ప్యాకెట్ అనే ఓడ మన తెలుగువారిని మారిషస్‌కు తెచ్చింది. 1860 నుండి 1911 వరకు నాటాలుకు, 1879లో మొదలై 1916 వరకు ఫిజీకి ఓడలు నడిచినవి. మూటలో పసుపు, కుంకుమ, అమ్మోరి తలంపు వెంట వచ్చినవి గాని ఆవు రాలేదు. చెరకుతోటలో బండి లాగే ఎద్దు దొరగారిది. ఒప్పందం తీరి, కాంపు వదలి, చిన్న ఇల్లు కట్టుకొన్న తరువాతగాని మనవారికి సొంత ఆవు అంటూ కలగలేదు. అందువలననే ఆ మొదటి ఆవు ఇంటిలో ఒక మనిషితో సమానమయింది. పాలమ్మిన డబ్బుతో పిల్లలను బడికి పంపినవారు మనలో ఎందరో ఉన్నారు. అటువంటి ఆవు జబ్బు పడితే అమ్మోరికి మొక్కుకొన్నారంటే అది అజ్ఞానమని నవ్వటం న్యాయం కాదు. ఆ కాలంలో ఆ ఇంటికి పశువైద్యుడు వచ్చే దారి లేదు.

మారిషస్ చరిత్రలో ఈ విషయానికి సంబంధించిన పెద్ద పాఠమొకటున్నది. 1901లో బయటినుండి వచ్చిన పశువులతో సర్రా అనే రోగం ఆ దీవిలో అడుగుపెట్టింది. దానికి కారణమైన సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు 1880లోనే పంజాబులో కనిపెట్టాడు. కుట్టే ఈగలు దానిని ఒక పశువు రక్తంనుండి మరొకదానికి మోస్తాయి. 1902 నాటికి తోటలలో బండి లాగే ఎద్దులు, గుర్రాలు, కంచరగాడిదలు విపరీతంగా చచ్చిపోయినవి. చెరకు మోసేందుకు పశువు లేక, ప్రభుత్వపు అప్పుతో తోటలలో చిన్న రైలుబాటలు వేశారు. సూక్ష్మజీవి పేరు తెలిసినా సమయానికి మందు లేదు, ఈగలకు అడ్డు లేదు. రోగం ఓడ దిగిన చోటనే ఆపి ఉంటే తప్ప, ఆ తరువాత ఎన్ని పూజలు చేసినా, ఎన్ని రక్షలు కట్టినా ఫలితం అంతంతమాత్రమే.

2016లో రోడ్రిగ్స్ దీవిలోను, వెంటనే మారిషస్‌లోను గాలికుంటు వ్యాధి తలయెత్తింది. ఈసారి పశువుల రాకపోకలు ఆపారు, రోగం సోకినవాటిని తొలగించారు, మిగిలినవాటికి టీకాలు వేశారు. పూర్వపు పొలిమేర కట్టునే ప్రభుత్వం మరొక పేరుతో కట్టిందన్నమాట.

రెండు రోగాల కథ

మన అమ్మవారిని పూర్వులు ముఖ్యంగా రెండు భయాలతో కొలిచారు. ఒకటి మనుష్యులకు వచ్చే మశూచి. రెండవది పశువులకు వచ్చే ముసర. మశూచి లోకంనుండి పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ముసరమీద భారతదేశం 1954లో దేశవ్యాప్తంగా టీకాల ఉద్యమం మొదలుపెట్టింది. 1995 తరువాత ఆ దేశంలో ఒక్క పశువుకు కూడ అది రాలేదు. 2011లో ముసర ప్రపంచంనుండే అంతరించిందని ప్రకటన వెలువడింది. మనిషి ప్రయత్నంతో లోకంనుండి పూర్తిగా పోయిన రోగాలు ఇప్పటికి ఈ రెండే. రెండింటినీ పంపివేసింది టీకా.

అయితే ఇక్కడ ఒక విశేషం గమనించాలి. రోగాలు రెండూ పోయినవి గాని అమ్మోరి పండుగ పోలేదు. మారిషస్‌లో ఈనాటికీ మనవారు ఘటాలు ఎత్తి, వేపమండలు పట్టి అమ్మోరిని కొలుస్తున్నారు. భయం తీరిన తరువాత కూడ నిలిచిందంటే ఆ పండుగ పని రోగం కుదర్చటం ఒక్కటే కాదని తెలుస్తున్నది. ఇంటివారు, ఇరుగుపొరుగు, కొట్టంలోని పశువు, చేలోని పైరు అందరూ ఒక తల్లి చాటున ఉన్నారని ఏడాదికొకసారి చెప్పుకోవటం దాని పని. పశువుకు రక్ష కట్టటాన్ని కూడ ఈ దృష్టితోనే చూడాలి. మందు శరీరానికి. రక్ష యజమాని పెట్టుకొనే ఒట్టు. "ఈ నోరులేని జీవి నా పూచీ" అని దైవం ముందు ఒప్పుకోవటమే దాని అర్థం.

యాన్బు ఒడ్డున కూడ ఇదే ప్రశ్న

మన పూర్వుల తరువాత మరల ఒక తరం తెలుగువారు పొట్టకూటికై సముద్రం దాటుతున్నారు. ఈసారి దారి అరబ్బు దేశాలవైపు. సౌదీ అరేబియాలో ఎర్ర సముద్రపు ఒడ్డున యాన్బు అనే రేవున్నది. పూర్వం మదీనాకు పోయే యాత్రికులు అక్కడ ఓడ దిగి ఒంటెలమీద సాగిపోయేవారు. 1975లో జుబైల్, యాన్బు నగరాలకోసం రాజ కమిషన్ ఏర్పడిన తరువాత అది పెద్ద పారిశ్రామిక నగరమయింది. మన ఆంధ్ర, తెలంగాణ జిల్లాలనుండి ఆ దేశానికి పోయినవారిలో కర్మాగారాలలో పనిచేసేవారున్నారు, ఎడారిలో గొర్రెలను, ఒంటెలను కాసేవారూ ఉన్నారు. ఒంటరిగా మందతో బ్రతికే కాపరికి జబ్బు పడిన ఒంటెను ఏమి చేయాలన్నది పుస్తకంలోని చర్చ కాదు.

ఆ గడ్డమీద ఈ విషయం ఎంతో కాలంగా నలుగుతున్నది. జబ్బు పడినవారిమీద ఖురాన్ వాక్యాలు చదివి ఊదటాన్ని రుఖ్యా అంటారు. పశువులకు కూడ అట్లా చదవవచ్చునన్న పండితులున్నారు. కాని ఒంటెల మెడలలో కట్టిన వింటినారి పట్టెడలను తెంపివేయమని ప్రవక్త కబురు పంపినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నవి. దిష్టి తగలకూడదని కట్టేవారు గనుకనే ఆయన వద్దన్నారని మదీనా పండితుడైన ఇమాం మాలిక్ అభిప్రాయం. దేవుని పేర మేలు కోరటం వేరు, తాడులోనే శక్తి ఉన్నదని నమ్మటం వేరని వారు గీత గీశారు. ఒంటెను ముందు కట్టివేసి ఆ పైన దైవంమీద భారం వేయమన్న బోధ కూడ వారిదే. మన రక్షతాళ్ళ విషయంలో ఈ గీత మనకూ అవసరమే.

2012లో సౌదీ అరేబియాలో మెర్స్ అనే కొత్త శ్వాసకోశ వ్యాధి బయటపడింది. అది ఒంటెలనుండి మనుష్యులకు సోకుతున్నదని తరువాత తెలిసింది. 2014లో ఆ ప్రభుత్వం ఒంటెల దగ్గరికి పోయేటప్పుడు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు ధరించమని కోరింది. జబ్బు ఒంటె ముక్కు దగ్గర ముఖం పెట్టి చదివి ఊదే మనిషికి భక్తి ఎంత ఉన్నా ప్రమాదం ప్రమాదమే.

క్రైస్తవులలో కూడ ఈ ఆచారమున్నది. జనవరి 17న సెయింట్ ఆంథోనీ పేర, అక్టోబరు 4న అస్సీసీ ఫ్రాన్సిస్ పేర జంతువులను చర్చిల ముందుకు తెచ్చి దీవెనలు ఇప్పిస్తారు. అందువలన మనమొక్కరమే వింత పని చేస్తున్నామని సిగ్గుపడనవసరం లేదు.

ఆక్షేపణలకు సమాధానం

పశువుకు శ్రద్ధ లేదు, అర్థం కాదు, కాబట్టి ఆశీర్వాదం వృథా అని కొందరంటారు. నామకరణంనాటి పసిబిడ్డకు ఏమి అర్థమవుతుంది? అయినా అక్షతలు వేస్తున్నాము గదా. కోవెలలోకి జంతువును తేవటం మైల అని మరికొందరి మాట. గర్భగుడివరకు తేనవసరం లేదు. ఆవరణ బయట ఇవ్వవచ్చు. వేపచెట్టుకింది అమ్మోరికి గోడలే లేవు.

మూఢనమ్మకమనే వారి మాటను మాత్రం తేలికగా తోసివేయకూడదు. రక్ష కట్టి, ఇక నయమవుతుందని రెండు రోజులు ఊరుకొంటే, ఆ రెండు రోజులు బాధపడేది పశువు. మనిషికైతే "నాకు తగ్గలేదు, వైద్యుని పిలవండి" అని అడిగే నోరున్నది. పశువుకు లేదు. దేవునికి మొక్కుగా ఇచ్చిన కోడెలు గోశాలలలో తగిన మేత, నీడ లేక చనిపోయిన వార్తలు మాతృదేశంనుండి ఒకటికి రెండుసార్లు విన్నాము. దేవుని పేర విడిచినంతలో పశువుమీద మన పూచీ తీరదని అవి చెబుతున్నవి.

పాటించదగిన నియమాలు

మన సంఘాలు, కోవెల కమిటీలు ఈ కింది విషయాలు ఆలోచించవలెనని మనవి.

1. పశువైద్యునికి కబురు పంపిన తరువాతనే పూజారిగారి దగ్గరికి రావాలి. "వైద్యునికి చూపించారా?" అని పూజారిగారే ముందు అడగటం మంచి అలవాటు.

2. అంటురోగం ఉన్నదన్న అనుమానముంటే పశువును కోవెలకు తేకూడదు. నలుగురి పశువులు ఒకచోట చేరితే దీవెనతో పాటు రోగం కూడ పంచుకొంటాయి. యజమాని ఒక్కడే వచ్చి గోత్రనామాలతో అర్చన చేయించుకొని పోవచ్చు.

3. నుదుట కొంచెం పసుపు పెట్టటం చాలు. పశువు నాకుతుందని మరువరాదు. అంగడిలో దొరికే కొన్ని కుంకుమలలో సీసం వంటి విషాలు కలుస్తున్నవి. తీర్థంలోని పచ్చకర్పూరం కుక్కలకు, పిల్లులకు హాని. ఎండుద్రాక్ష వేసిన ప్రసాదం కుక్కకు పెట్టకూడదు, మూత్రపిండాలు చెడిపోతాయి.

4. కనుమనాడు ప్రేమకొద్దీ ఆవుకు గంపెడు పొంగలి పెడతారు. అలవాటు లేని అన్నం ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులుపు పెరిగి, ఉబ్బి, పశువు చనిపోవచ్చు. గుప్పెడు పెట్టి, మిగతాది పచ్చగడ్డి వేయండి.

5. మందు పేర ఇనుము కాల్చి వాతలు పెట్టటం, కళ్ళలో కారం కొట్టటం వంటివి ఎక్కడైనా మిగిలి ఉంటే మానిపించాలి. బాధపెట్టేది దీవెన కాదు.

6. పిచ్చికుక్క విషయంలో మంత్రం, పసరు మాట తలపెట్టనే వద్దు. రేబీస్ ఉన్న దేశాలలోని మనవారు కాటును వెంటనే సబ్బు, ధారాళమైన నీటితో పావుగంటసేపు కడిగి, టీకాకు పరుగెత్తాలి. లక్షణాలు కనబడిన తరువాత బ్రతికినవారు అత్యంత అరుదు.

7. ఒక ప్రాణికోసం మరొక ప్రాణిని బలి ఇచ్చే మొక్కు మొక్కవద్దు. గుమ్మడికాయ, కొబ్బరికాయ చాలు.

8. ముసలిదై, వైద్యుడు కూడ ఇక లాభం లేదన్న ఆవుకో కుక్కకో చివరి ఘడియలో తులసితీర్థంతో తల తడిపి, ఒక మంచిమాట చెప్పి పంపటంలో తప్పేమీ లేదు. అక్కడ మందు చేయగలిగింది ఏమీ మిగలలేదు. మన కృతజ్ఞత చెప్పటం మాత్రం మిగిలి ఉన్నది.

మన దీవులలో ఇప్పుడు ఆవులు తగ్గినవి. పిల్లలకు ఇంటిలో తెలిసిన జంతువు కుక్క గాని పిల్లి గాని. ఆ చిన్నవాడు తన కుక్కపిల్లను ఎత్తుకొని కోవెల గుమ్మందగ్గర నిలబడితే కసరి పంపవద్దు. "వైద్యునికి చూపించావా నాయనా?" అని అడగండి. చూపించానంటే నుదుట పసుపు బొట్టు పెట్టి, "దీనిని బాగా చూసుకో" అని చెప్పండి. నాలుగు కాళ్ళవాటికి కూడ క్షేమం కోరే మన మంత్రానికి అర్థమేమిటో వాడికి అంతకంటే సులువుగా చెప్పే దారి లేదు.

సర్వే జనులతో పాటు సర్వ జీవులకు శుభం కలుగుగాక.